సగం మూసిన కటకం: హైస్కూలు భౌతికశాస్త్రం ఎక్కడ జారిపోతోంది

ఒక రూపాయి బిళ్లను నిటారుగా పైకి ఎగరేశారు. అది చేతిని వదిలేసింది, ఇంకా పైకి పోతూనే ఉంది. ఆ క్షణంలో బిళ్ల మీద పనిచేస్తున్న బలాలు ఏవి? ఈ ప్రశ్నను పదో తరగతి గదిలో అడిగితే సాధారణంగా వచ్చే జవాబు ఇలా ఉంటుంది: కిందికి గురుత్వాకర్షణ, పైకి చేయి ఇచ్చిన బలం. పైకి ఉన్న బలం పోను పోను తగ్గుతుంది, బిళ్ల అన్నింటికన్నా ఎత్తులో ఉన్నప్పుడు రెండూ సమానమవుతాయి, ఆ తర్వాత కిందికి లాగే బలానిది పైచేయి అవుతుంది. వినడానికి ఎంతో సబబుగా ఉన్న ఈ వివరణ తప్పు. చేయి వదిలిన మరుక్షణం నుంచి తిరిగి చేతిలో పడేదాకా, గాలి ప్రభావాన్ని పక్కన పెడితే, బిళ్ల మీద ఉన్నది గురుత్వ బలం ఒక్కటే. పైకి పోతున్నప్పుడూ, కొసన క్షణకాలం ఆగినప్పుడూ, దిగుతున్నప్పుడూ అంతే బలం, అదే దిశలో, కిందికే.

ఈ జవాబు చెప్పినవారు చదవని పిల్లలు కారు. న్యూటన్ గమన నియమాలను తొమ్మిదో తరగతిలోనే చదివారు. బలం అంటే ద్రవ్యరాశి, త్వరణాల లబ్ధమని నిద్రలో లేపి అడిగినా చెబుతారు. అయిదు కిలోల వస్తువు మీద ఇరవై న్యూటన్ల బలం పనిచేస్తే త్వరణమెంతో క్షణంలో లెక్క కడతారు. ఆ లెక్క ఒక అరలో ఉంది, ఎగిరే బిళ్ల గురించిన నమ్మకం ఇంకో అరలో ఉంది. రెండు అరల మధ్య తలుపు తెరుచుకోలేదు. హైస్కూలు భౌతికశాస్త్రంలోని అసలు కష్టం ఇదే. గణితం కష్టమన్నది కొంత నిజం, ప్రయోగశాలలు లేవన్నది చాలాచోట్ల నిజం. అయితే గణితం బాగా వచ్చిన పిల్లలూ, మంచి ప్రయోగశాల ఉన్న బడుల పిల్లలూ ఇదే బిళ్ల దగ్గర ఇలాగే తడబడుతున్నారంటే కారణం వేరేచోట వెతకాలి.

పిల్లలు తరగతికి ఖాళీ బుర్రతో రారు. నడక వచ్చిన నాటి నుంచి తోస్తూ, లాగుతూ, విసురుతూ, పడుతూ తమదైన ఒక భౌతికశాస్త్రాన్ని కట్టుకుని వస్తారు. తోస్తేనే బండి కదులుతుంది, తోయడం మానితే ఆగిపోతుంది. కనుక కదలికకు బలం కావాలి. బరువైనది ముందు పడుతుంది. వెలుతురు ఉంటే కన్ను చూస్తుంది. రోజువారీ జీవితంలో ఈ సిద్ధాంతం చక్కగా పనిచేస్తుంది, ఏ పూటా అడ్డం తిరగదు. అరిస్టాటిల్ నుంచి గెలీలియో దాకా దాదాపు రెండు వేల ఏళ్లు మహామహులు సైతం దాదాపు ఇలాగే ఆలోచించారు. అంత గట్టి పునాది మీద కొత్త పాఠాన్ని సున్నం కొట్టినట్టు కొట్టేస్తే పరీక్ష దాకా నిలుస్తుంది, తర్వాత రాలిపోతుంది. కింద ఉన్న గోడ ఎప్పటిలాగే ఉంటుంది.

ఈ సంగతిని కొలిచి చూపిన పరీక్ష ఒకటుంది. అమెరికాలోని అరిజోనా రాష్ట్ర విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ హెస్టెనెస్, ఇద్దరు హైస్కూలు ఉపాధ్యాయులతో కలిసి 1992లో దాన్ని ప్రచురించారు. అందులో లెక్కలు లేవు, సూత్రాలు లేవు. మామూలు మాటల్లో అడిగిన ప్రశ్నలే. లారీ చిన్న కారును గుద్దుకుంటే ఏది దేని మీద ఎక్కువ బలం ప్రయోగిస్తుంది, ఒకే ఎత్తు నుంచి వదిలిన రెండు గుండ్లలో ఏది ముందు నేలను చేరుతుంది, ఇలాంటివి. తప్పు జవాబులను ఊహించి రాయకుండా పిల్లల నోటి నుంచి వచ్చినవాటినే ఎంపికలుగా పెట్టారు. దీనికి ముందరి రూపాన్ని హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ 1990లో తన విద్యార్థులకు ఇచ్చినప్పుడు ఒక విద్యార్థిని లేచి, ఈ ప్రశ్నలకు మీరు నేర్పిన ప్రకారం జవాబు రాయాలా, నేను మామూలుగా ఆలోచించే ప్రకారం రాయాలా అని అడిగిందట. ఆ అమ్మాయి అమాయకంగా అడిగినా, సమస్య మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది. రెండు భౌతికశాస్త్రాలు తనలో పక్కపక్కనే ఉన్నాయని ఆమెకు తెలుసు. ఏది ఎక్కడ వాడాలన్నదే ఆమె సందేహం.

1998లో రిచర్డ్ హేక్ అనే ఆచార్యుడు అమెరికాలోని హైస్కూళ్లు, కళాశాలలు, విశ్వవిద్యాలయాల్లో మొత్తం 62 తరగతుల ఫలితాలను ఒకచోట చేర్చారు. విద్యార్థులు ఆరు వేలకు పైనే. పాఠాలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి అదే తరహా పరీక్ష పెట్టి, తెలియనిదానిలో ఎంత భాగం కొత్తగా తెలిసిందో లెక్కగట్టారు. ఉపాధ్యాయుడు చెప్పడం, పిల్లలు రాసుకోవడం అనే పద్ధతిలో నడిచిన 14 తరగతుల్లో ఆ భాగం సగటున 0.23. పిల్లలు ముందుగా తమ అంచనా చెప్పి, చేసి చూసి, తోటివారితో వాదించుకునే పద్ధతిలో నడిచిన 48 తరగతుల్లో 0.48. రెట్టింపు కన్నా కాస్త ఎక్కువే. సంప్రదాయ తరగతుల్లో ఒక్కటీ 0.3ను దాటలేదన్నది మరింత ఆలోచించవలసిన విషయం. వాటిలో గొప్పగా పాఠం చెప్పేవాళ్లు ఉండే ఉంటారు. పాఠం బాగా చెప్పడం ఒక్కటే చాలదని ఆ అంకె చెబుతోంది.

తెలుగు పిల్లల విషయంలో ఈ పాత భౌతికశాస్త్రం ఎక్కడ నివసిస్తుందో చూడాలంటే వాళ్ల మాటలు వినాలి. అది భాషలోనే కాపురం ఉంటుంది.

కరెంటు అన్న మాటనే తీసుకోండి. కరెంటు పోయింది అంటాం, సరఫరా ఆగిందని అర్థం. కరెంటు తక్కువగా వస్తోంది అంటాం, వోల్టేజీ తగ్గిందని అర్థం. కరెంటు కొట్టింది అంటాం. ఈ గీజరు కరెంటు బాగా కాలుస్తుంది అంటాం, అక్కడ కరెంటంటే విద్యుచ్ఛక్తి. ఇన్ని పనులు చేసే ఆ మాట, పాఠ్యపుస్తకంలోకి రాగానే ఒకే ఒక్క అర్థానికి కుదించుకుపోతుంది: తీగ అడ్డుకోత గుండా సెకనుకు ప్రవహించే ఆవేశం. దాని పేరు కూడా మారి విద్యుత్ ప్రవాహం అవుతుంది. ఇంట్లో మాట్లాడే కరెంటుకూ పుస్తకంలోని విద్యుత్ ప్రవాహానికీ ఉన్న చుట్టరికం ఎవరూ విడమరచి చెప్పరు.

అన్నింటిలోకీ చిక్కు తెచ్చేది కాలడం అన్న మాట. కరెంటు కాలుతుంది అనే భాషలో పెరిగిన పిల్లవాడికి, బల్బు కరెంటును తినేస్తుందని అనిపించడం సహజం. దీన్ని పరీక్షించడానికి పెద్ద సామగ్రి అక్కర్లేదు. టార్చిలైటు బల్బులు రెండు, ఒకే రకంవి, రెండు సెల్లులు, కొంచెం తీగ చాలు. బల్బులను ఒకదాని తర్వాత ఒకటి శ్రేణిలో కలపబోయే ముందు, ఏ బల్బు ఎక్కువ వెలుగుతుందో చెప్పి నోటు పుస్తకంలో రాసుకోమనాలి. సెల్లుకు దగ్గరగా ఉన్న మొదటి బల్బే అని చాలామంది రాస్తారు. మొదటిది కొంత తినేశాక రెండోదానికి మిగిలింది వెళుతుందని వాళ్ల లెక్క. కలిపి చూస్తే రెండూ దాదాపు ఒకేలా వెలుగుతాయి. బజారులో కొన్న బల్బులు అచ్చంగా ఒక్కలా ఉండవు కనుక ఒకటి కాస్త ఎక్కువ వెలగవచ్చు. అప్పుడు వాటి స్థానాలు మార్చి చూడాలి. ఎక్కువ వెలిగిన బల్బు రెండోచోటికి పోయినా ఎక్కువే వెలుగుతుంది. తేడా ఆ బల్బుది, వరసది కాదు అని అక్కడితో తేలిపోతుంది. స్థానాలు మార్చి చూద్దామన్న మాట పిల్లల్లో ఒకరి నోటి నుంచే వచ్చిందంటే ఆ పూట పాఠం సార్థకమైనట్టే.

మరి కాలేది ఏమిటి? సైకిలు గొలుసు ఇక్కడ మంచి పోలిక. పెడల్ తొక్కితే గొలుసు చుట్టూ తిరుగుతుంది. వెనక చక్రం దగ్గర పని జరుగుతుంది, అయినా గొలుసులో ఒక్క లంకె కూడా అరిగి మాయమవదు. ఎన్ని లంకెలు వెళ్లాయో అన్నీ తిరిగి వస్తాయి. తీగలో తిరిగే ఆవేశం ఆ గొలుసు లాంటిది, బల్బు దగ్గర దిగేది శక్తి. సెల్లు అయిపోయిందంటే దానిలోని రసాయన శక్తి అయిపోయిందని, ఆవేశం కాదని ఇంత దూరం వచ్చాక చెబితే అర్థమవుతుంది. ముందే చెబితే అది ఇంకో నిర్వచనం అవుతుంది.

దీనికన్నా చిన్న పరీక్ష మరొకటుంది. ఒక సెల్లు, ఒక బల్బు, ఒకే ఒక్క తీగముక్క ఇచ్చి బల్బు వెలిగించమనండి. ఓం నియమం మీద పది లెక్కలు చేసిన విద్యార్థులు సైతం చాలాసేపు తంటాలు పడతారు. తీగ ఒక కొసను సెల్లుకు, ఇంకో కొసను బల్బు అడుగుకు ఆనించి ఎదురుచూస్తారు, గొట్టంలో నీళ్లు వచ్చినట్టు వస్తుందని. బల్బుకు రెండు కొసలుంటాయని, ఒకటి అడుగున ఉన్న బొడిపె అయితే ఇంకొకటి పక్కనున్న లోహపు తొడుగేనని, ఫిలమెంటు ఆ రెండింటి మధ్య వారధి అని అప్పటిదాకా ఎవరూ గమనించి ఉండరు. ఇంట్లో ఫ్యానుకు పోయే తీగ పైకి ఒకటిగానే కనిపిస్తుంది, లోపల రెండున్నాయి. సంవృత వలయం అని పుస్తకంలో ఎర్రగీత గీసుకున్న మాటకు అర్థం ఆ బల్బు వెలిగిన క్షణంలో పుడుతుంది.

పని అన్న మాట ఇంకా సున్నితమైనది. మార్కెట్ యార్డులో హమాలీ యాభై కిలోల బస్తాను నేల మీద నుంచి ఒకటిన్నర మీటరు ఎత్తున్న లారీలోకి ఎత్తితే బస్తా మీద జరిగిన పని 735 జౌళ్లు. అదే బస్తాను వీపున మోస్తూ చదునైన నేల మీద ఇరవై మీటర్లు నడిస్తే, బస్తాను పైకి మోస్తున్న బలం చేసిన పని సున్నా. బలం నిటారుగా ఉంది, కదలిక అడ్డంగా ఉంది. ఈ మాట చెప్పి బోర్డు తుడిచేసే ఉపాధ్యాయుడి ఎదుట ఆ హమాలీ కొడుకో కూతురో కూర్చుని ఉండవచ్చు. నాన్న రోజంతా చేసేది పనే కాదని ఈ శాస్త్రం అంటోందా? ఆ ప్రశ్న పిల్లల మనసులో లేస్తుంది, నోటి దాకా రాదు. రానివ్వాలి. ఎందుకంటే జవాబు చాలా బాగుంటుంది.

భౌతికశాస్త్రంలో పని అంటే శ్రమ కాదు. ఒక బలం ఒక వస్తువుకు ఎంత శక్తి అందించిందన్న లెక్క అది. అడ్డంగా మోసిన బస్తాకు కొత్తగా శక్తి చేరలేదు, లెక్క అంతవరకే. హమాలీ శరీరం మాత్రం శక్తిని ఖర్చు చేస్తూనే ఉంది. కండరం బల్ల లాంటిది కాదు. బల్ల మీద బస్తా పెడితే అది రోజంతా తిండి లేకుండా మోస్తుంది. కండరం అలా బిగిసి ఉండాలంటే దాని పోగులు క్షణక్షణం ముడుచుకుంటూ సడలుతూ ఉండాలి, ప్రతి ముడుపుకీ తిన్న తిండిలోంచి శక్తి పోతుంది. ఆ శక్తి బస్తాకు చేరకుండా ఒంట్లో వేడిగా మారి చెమటగా బయటపడుతుంది. ఆయన అలసట నిజం, సున్నా కూడా నిజం. రెండూ ఎలా నిజమో చెప్పగలగడమే శక్తి నిత్యత్వ పాఠం.

ఇదే బస్తాతో కరెంటు బిల్లును కూడా చదవవచ్చు. బిల్లులో ఒక యూనిట్ అంటే ఒక కిలోవాట్ గంట, 36 లక్షల జౌళ్లు. బస్తాను లారీకి ఎత్తడానికి 735 జౌళ్లయితే, ఒక్క యూనిట్ శక్తి ఏమీ వృథా కాకుండా అందితే దాదాపు 4,900 బస్తాలు లారీలకెక్కుతాయి. అంటే 245 టన్నులు. ఒక గీజరు అరగంటలో ఖర్చు చేసేది దాదాపు అంత. ఈ లెక్కకు గుణకారం, భాగహారం చాలు. జౌల్ అంటే ఎంతో ఒంటికి తెలిసేలా చెప్పే ఇలాంటి లెక్కలు పుస్తకంలో తక్కువ, ఉండవలసినవి ఎక్కువ.

బరువు, ద్రవ్యరాశి సంగతి తక్కెడతో ఒక్క మాటలో తేలిపోతుంది. కిలో రాయి పెట్టి కిలో టమాటాలు తూచే తక్కెడ చంద్రుడి మీదా అవే టమాటాలు తూస్తుంది, రెండు పళ్లాల మీదా ఆకర్షణ సమంగానే తగ్గుతుంది కనుక. అవే టమాటాలను స్ప్రింగు కాటాకు తగిలిస్తే అక్కడ ఆరో వంతే చూపిస్తుంది. తక్కెడ పోల్చేది ద్రవ్యరాశిని, స్ప్రింగు కొలిచేది భారాన్ని.

భాష అడ్డుపడుతుందన్నది సగం నిజమే. సాయం కూడా చేస్తుంది. మొదట చెప్పిన రూపాయి బిళ్ల దగ్గరికి మళ్లీ వెళ్దాం. పైకి పోతున్న బిళ్లలో ఏదో ఉందని పిల్లలకు తోస్తుంది, దాన్ని బలం అంటారు. వాళ్లకు తోచినది వట్టి భ్రమ కాదు. బిళ్లలో నిజంగానే ఒకటుంది, దాని పేరే తప్పు. తెలుగులో దానికి చక్కని మాట ఉంది: ఊపు. బండి మంచి ఊపు మీద ఉంది అంటాం, ఊపులో వచ్చి గోడకు కొట్టుకున్నాడు అంటాం. ఖాళీ బండి ఊపు కన్నా నిండు బండి ఊపు ఎక్కువని, నెమ్మదిగా వచ్చేదాని కన్నా జోరుగా వచ్చేదానికి ఎక్కువని ఎవరూ నేర్పకుండానే తెలుసు. ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చే ద్రవ్యవేగం సరిగ్గా అదే. చేయి బిళ్లకు ఇచ్చింది ఊపు, బలం చేతితోనే ఆగిపోయింది, ఆ ఊపును గురుత్వాకర్షణ క్షణక్షణం తగ్గిస్తూ వచ్చింది అని చెబితే పిల్లల పాత ఆలోచనను పారేయనక్కర్లేదు, సరైన పేరు పెట్టి సరైన చోట కూర్చోబెట్టినట్టవుతుంది. ద్రవ్యవేగం అన్న సమాసాన్ని ముందుగా పలికించి నిర్వచనం రాయించే బదులు, ఊపు దగ్గర మొదలుపెట్టి ద్రవ్యవేగానికి రావడానికి తరగతిలో పట్టేది పది నిమిషాలు.

తెలుగు మాధ్యమమా, ఇంగ్లిషు మాధ్యమమా అన్న వాదనలో ఈ కోణం ఎప్పుడూ వెనకబడుతుంది. సంపూర్ణాంతర పరావర్తనం, ఉత్ప్లవన బలం వంటి సంస్కృత సమాసాలు తెలుగు పిల్లలకు ఇంగ్లిషు పదాలంత కొత్తవే. వడికీ వేగానికీ మధ్య శాస్త్రం గీసిన గీత ఇంటి భాషలో లేదు, సామర్థ్యం అన్నది ఇంట్లో ఒక అర్థంలో, పుస్తకంలో వాట్లలో కొలిచే ఇంకో అర్థంలో ఉంటుంది. పుస్తకాలు ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ ఎదురెదురు పేజీల్లో రెండు భాషల్లో వస్తున్నాయి. మంచి మార్పే. అయితే కావలసిన మూడో భాష ఒకటుంది, అది పిల్లలు ఇంట్లో మాట్లాడేది, అది ఏ పేజీలోనూ లేదు. ఉపాధ్యాయుడి నోటితోనే అది తరగతిలోకి రావాలి. పరీక్ష ఏ భాషలో రాసినా ఆలోచన ఆ భాషలోనే మొదలవుతుంది.

ఇక కటకం, అంటే లెన్సు. కిరణ చిత్రాలు పదో తరగతి పరీక్షకు ఆయువుపట్టు. వస్తువును నాభి దగ్గర, వక్రతా కేంద్రం దగ్గర, ఆవల, లోపల ఎక్కడ పెట్టినా ప్రతిబింబం ఎక్కడ వస్తుందో పెన్సిలు, స్కేలుతో శుభ్రంగా గీసే పిల్లలు ప్రతి బడిలోనూ ఉన్నారు. ఒక కిరణం ప్రధానాక్షానికి సమాంతరంగా వచ్చి నాభి గుండా పోతుంది, ఇంకొకటి కటక కేంద్రం గుండా వంగకుండా పోతుంది, రెండూ కలిసేచోట తలకిందుల బాణం గుర్తు. నాలుగు మార్కులు.

ఇప్పుడు ఒక భూతద్దం తీసుకుని, తెరిచిన కిటికీకి ఎదురుగా ఉన్న గోడ దగ్గర పట్టుకుని ముందుకూ వెనక్కూ జరపండి. ఒకచోట గోడ మీద కిటికీ బొమ్మ తలకిందులుగా పడుతుంది. కిటికీ ఊచలు, బయటి చెట్టు, కదులుతున్న ఆకులు, రోడ్డు మీద తలకిందులుగా పోయే మనుషులు, అన్నీ రంగుల్లో. అన్నేళ్లు నిజ ప్రతిబింబం అన్న మాట రాసిన పిల్లలు ఆ ఆకులు కదలడం చూసి ఒక్కసారి ముందుకు వంగుతారు. కటకానికీ గోడకీ మధ్య దూరం కొలిస్తే అదే సుమారుగా నాభ్యంతరం. ఇక ప్రశ్న వేయాలి. కటకంలో పై సగాన్ని నల్ల కాగితంతో మూస్తే గోడ మీది బొమ్మ ఏమవుతుంది?

సగం బొమ్మ పోతుందని ఎక్కువమంది అంటారు. పై సగమా, కింది సగమా అని వాదన కూడా జరుగుతుంది, తలకిందుల బొమ్మ కదా. కాగితం అడ్డుపెట్టి చూస్తే బొమ్మ మొత్తం అలాగే ఉంటుంది. చెట్టు మొదలూ ఉంటుంది, కొసా ఉంటుంది. వెలుగు మాత్రం తగ్గుతుంది. చెట్టు మీది ప్రతి ఆకూ కటకం మొత్తానికి కాంతిని పంపుతుంది. కటకంలోని ప్రతి ముక్కా ఆ ఆకు కాంతిని గోడ మీద అదే చోటికి చేరుస్తుంది. సగం మూస్తే ప్రతి ఆకుకూ సగం కాంతి తగ్గింది, ఏ ఆకూ పోలేదు. కిరణ చిత్రంలో గీసిన రెండు కిరణాలు లెక్కలేనన్ని కిరణాల్లోంచి గీయడానికి సులువైనవని ఏరుకున్న రెండు మాత్రమే. ఈ సంగతి తెలియని విద్యార్థికి ఆ రెండు గీతలే ప్రతిబింబాన్ని మోసుకొస్తున్నట్టు అనిపిస్తుంది. కాగితం ఒక గీతకు అడ్డం వచ్చిందంటే బొమ్మ చెడిందనుకుంటారు. ఎంత చక్కగా గీస్తే ఆ పొరపాటు అంత గట్టిపడుతుంది.

ముందు అంచనా చెప్పి, చేసి చూసే ఈ పద్ధతి మన దేశానికి కొత్త కాదు. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో పదహారు గ్రామీణ బడుల్లో ఒక ప్రయత్నం మొదలైంది. కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే సంస్థలు ప్రభుత్వ అనుమతితో ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా సైన్సును పూర్తిగా ప్రయోగాల మీద నడిపాయి. చవకగా దొరికే వస్తువులతో కిట్లు తయారయ్యాయి, నిర్వచనాలకు బదులు ప్రశ్నలతో నిండిన పుస్తకాలు వచ్చాయి, పరీక్షలో పుస్తకం తెరుచుకుని రాయనిచ్చారు. 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ ఆ పనిని వందల బడులకు విస్తరించింది. 2002లో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని ఆపేసింది. ముప్పై ఏళ్లు మామూలు సర్కారు బడుల్లో, మామూలు ఉపాధ్యాయులతో నడిచిన పని అది. డబ్బు లేక, సామగ్రి లేక సాధ్యం కాదనే మాటకు ఇంతకన్నా గట్టి జవాబు అక్కర్లేదు.

సాధ్యం కానివ్వనిది పరీక్ష తీరు. ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షలో మూడు గంటల్లో 160 ప్రశ్నలు, అందులో భౌతికశాస్త్రానివి 40. ప్రశ్నకు నిమిషం పైన కొన్ని సెకన్లు. ఆ వేగానికి పిల్లలను సిద్ధం చేయడం ఇంటర్‌లో మొదలై, పదికి దిగి, ఇప్పుడు ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ పేరిట నడుస్తోంది. ఆ వేగంలో ఆలోచనకు చోటు లేదు, గుర్తుపట్టడానికే చోటు. ఏ సూత్రం వాడాలో గుర్తుపట్టడం ఒక నేర్పే, కాదనలేం. కానీ బల్బును చూసి ఆగి, స్థానాలు మార్చి చూద్దామా అనే పిల్లవాడు అక్కడ వెనకబడతాడు. మరోవైపు పది పరీక్షకు గైడ్లు, ముఖ్యమైన ప్రశ్నల జాబితాలు, బిట్లు. ప్రయోగాల రికార్డు ఉంటుంది, అందులో రీడింగులు పోయినేటి రికార్డులోంచి ఈ ఏటి రికార్డులోకి ప్రవహిస్తాయి.

ఆ రికార్డులో ఉండే లఘు లోలకమే చూడండి. మీటరు పొడవు దారానికి రాయి కట్టి చిన్నగా ఊపితే ఒక్కో డోలనానికి రెండు సెకన్లు పడుతుంది, ఇరవై డోలనాలకు నలభై. ఫోనులోని గడియారం చాలు. దాన్నుంచి గురుత్వ త్వరణం విలువ వస్తుంది, 9.8కు చాలా దగ్గరగా. భూమి లాగే లాగుడును ఒక దారంతో, ఒక రాయితో పద్నాలుగేళ్ల పిల్ల తన చేతులతో కొలవగలదు. రాయి బరువు రెట్టింపు చేస్తే కాలం మారుతుందా అని ముందు అడిగి, అంచనా రాయించి, ఆ తర్వాత చేయిస్తే కాలం మారకపోవడం ఆమెకు జీవితాంతం గుర్తుంటుంది. 9.6 వచ్చిందని రికార్డులో 9.8గా దిద్దమంటే గుర్తుండేది ఇంకొకటి.

ఏటా ఫిబ్రవరి 28న బడుల్లో సైన్స్ దినోత్సవం జరుపుతారు. 1928లో అదే రోజున సి.వి. రామన్ తన ఆవిష్కరణను లోకానికి తెలిపారు. ఆయన బాల్యం విశాఖపట్నంలో గడిచింది, తండ్రి అక్కడి ఏవీఎన్ కళాశాలలో గణితం, భౌతికశాస్త్రం బోధించేవారు. ఉపన్యాసాల్లో నోబెల్ బహుమతి వస్తుంది, దేశ కీర్తి వస్తుంది. వాటిలో రావలసింది 1921 నాటి ఓడ ప్రయాణంలో ఆయన దగ్గరున్న చిన్న నికోల్ పట్టకం, అంటే ఒకే దిశలో కంపించే కాంతిని మాత్రమే పోనిచ్చే స్ఫటికం. సముద్రం నీలంగా ఉండటానికి కారణం అందులో ప్రతిఫలించే ఆకాశమేనని అప్పటికి పేరున్న వివరణ. నీటి ఉపరితలం నుంచి ప్రతిఫలించే కాంతిని ఆ పట్టకంతో అణిచేసి చూశారు రామన్. నీలం పోలేదు. ఆకాశం అరువిచ్చిన రంగే అయితే పోవలసింది. అంటే నీటి అణువులే కాంతిని పరిక్షేపిస్తున్నాయి, చెదరగొడుతున్నాయి అని ఆయన తేల్చారు. అందరూ ఒప్పుకున్న వివరణ నిజమైతే ఏం జరగాలో ముందు అనుకుని, తర్వాత కళ్లతో చూడటం, అంతే ఆయన అక్కడ చేసింది. పోలరాయిడ్ చలువ కళ్లద్దాలు పెట్టుకుని చెరువు గట్టున నిటారుగా నిలబడితే నీటి మీది తళతళ తగ్గి అడుగు కనిపించడం, తల పక్కకు వంచితే తళతళ తిరిగి రావడం ఏ పిల్లవాడైనా చూడవచ్చు. సైన్స్ దినోత్సవానికి వక్తృత్వ పోటీ కన్నా ఆ గట్టు మీద గడిపే గంట తగినది.

ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతికి ఇప్పుడు ఎన్‌సీఈఆర్‌టీ సైన్సు పాఠాలు వచ్చాయి. కాంతి పాఠం చివరి అభ్యాసంలో పైన చెప్పిన కటకం ప్రశ్నే ఉంది: కుంభాకార కటకంలో సగాన్ని నల్ల కాగితంతో కప్పితే పూర్తి ప్రతిబింబం ఏర్పడుతుందా? గైడ్లలో దానికి జవాబు సిద్ధంగా ఉంటుంది: ఏర్పడుతుంది, తీవ్రత తగ్గుతుంది. ఆ వాక్యం కంఠతా వచ్చిన పిల్లలకు మార్కులు పడతాయి. అయితే పుస్తకంలోని ప్రశ్న అక్కడితో ఆగలేదు. మీ జవాబును ప్రయోగం చేసి సరిచూడండి, చూసినదాన్ని వివరించండి అని ఇంకో రెండు ముక్కలు దాని పక్కనే అచ్చయి ఉన్నాయి. వాటికి కావలసింది ఒక భూతద్దం, ఒక నల్ల కాగితం, తెరిచిన కిటికీ, ఒక పీరియడు.